మందు కొట్టని రెండు సాళ్ళు

పోయిన వారం కంటి డాక్టరుకు చూపించుకుందామని చీరాల నుంచి గుంటూరు వెళ్ళాను. తిరుగు ప్రయాణంలో ఎక్కిన ఆటో మిర్చి యార్డు పక్క రోడ్డులో లారీల మధ్య ఇరుక్కుపోయింది. మార్చి నెల ఎండ. ముందొక లారీ, వెనకొక లారీ, రెండింటి నిండా మిరపకాయల బస్తాలు. ఆ ఘాటు ముక్కుకెక్కిందో లేదో, తుమ్ము మీద తుమ్ము, ఊపిరి తిప్పుకోనివ్వకుండా పదకొండు తుమ్ములు. ఆటో ఆయన అద్దంలోంచి చూసి నవ్వి, "ఊరికి కొత్తా సార్?" అన్నాడు. నాకు రోషం వచ్చింది. "కొత్తేంటయ్యా, నువ్వు పుట్టకముందే ఈ చుట్టుపక్కల మిరపచేలల్లో ఆకులు లెక్కపెట్టినవాణ్ణి నేను," అన్నాను. "ఆకులా? కాయలు గాదా?" అన్నాడాయన. "ఆకులే. ఆకుల మీది పురుగులు," అన్నాను. ఆయన అద్దంలోంచి చూపు తిప్పుకున్నాడు. ముసలాయనకి ఎండ దెబ్బ తగిలిందనుకున్నట్టున్నాడు. డాక్టరు వేసిన చుక్కలకి అప్పటికే నా కళ్ళు మసగ్గా ఉన్నాయి. వాటికి ఘాటు తోడై బొటబొటా నీళ్ళు కారడం మొదలైంది. అందులో చుక్కల మందు వాటా ఎంతో, మిరపకాయ వాటా ఎంతో, మా సారు వాటా ఎంతో చెప్పలేను. దారి పొడుగునా ఆయనే గుర్తుకొచ్చాడు.

ఎనభైల మధ్యలో సంగతి ఇది. గుంటూరుకి అల్లంత దూరాన, హైవే పక్కన, నల్లరేగడి మధ్యలో ఉండేది మా విశ్వవిద్యాలయం. ఇప్పటిలా చెట్లూ తోటలూ లేవు. భవనాలేమో పెద్దపెద్దవి, వాటి మధ్య దూరాలు ఇంకా పెద్దవి. ఒక విభాగం నుంచి ఇంకో విభాగానికి నడిచేసరికి చొక్కా వీపుకి అంటుకుపోయేది. వానాకాలం వస్తే చెప్పులకి పట్టిన రేగడి మట్టి గోక్కోవడానికి ఒక పుల్ల జేబులో పెట్టుకు తిరిగేవాళ్ళం. వేలమంది విద్యార్థులు ఉండేవారనే పేరే గాని, సాయంత్రం అయిదింటి బస్సులు వెళ్ళిపోయాక ఆ మైదానంలో గాలి తప్ప మిగిలేది లేదు. నేను చీరాల్లో మగ్గం నేసే ఇంట్లో పుట్టినవాణ్ణి. పొద్దున లేచింది మొదలు పక్కింటి మగ్గం, ఎదురింటి మగ్గం, మా మగ్గం కలిసి టకటకలాడుతుంటే ఆ చప్పుడులో పెరిగినవాణ్ణి. అలాంటివాడికి ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో ఊహించుకోండి. హాస్టల్లో మొదటి నెలంతా చెవులు మూసుకుపోయాయేమో అనుకున్నాను.

జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ అయ్యాక పరిశోధనకి చేరాను. పరిశోధన చేసేవాడికి గైడు అనే ఆయన ఉంటాడు. ఆ రోజుల్లో గైడంటే చదువు చెప్పే మనిషి మాత్రమే కాదు, మన ఇంటి పెద్ద, మన యజమాని, ఒక్కోసారి మన జాతకం. పక్క గది ప్రొఫెసరు గారి దగ్గర అయిదుగురు స్కాలర్లు ఉండేవారు. ఆయన గొంతు వరండా ఈ చివర నుంచి ఆ చివరికి వినిపించేది. "ఒరేయ్, గ్యాసు బండ వచ్చిందేమో చూసిరారా," అని ఒకణ్ణి, "ఏరా, పిల్ల బడి వదిలే టైమైంది గదరా," అని ఇంకొకణ్ణి తరిమేవాడు. ఆయన గారి పెద్దమ్మాయి పెళ్ళికి అయిదుగురూ చొక్కాలు విప్పి, తువ్వాళ్ళు నడుముకి బిగించి బంతులు వడ్డించారు. హాస్టలుకొచ్చి ఆయన్ని నోరారా తిట్టుకునేవారు. ఆదివారం పొద్దున మళ్ళీ ఆయన ఇంటికే వెళ్ళి ఆయనగారి భార్య వేసిన పెసరట్లు తినేవారు. ఆ తిట్లు వింటుంటే నాకు కడుపు మండిపోయేది, వాళ్ళ మీద జాలితో కాదు, అసూయతో.

ఎందుకంటే మా సారు నాకు ఒక్క పని చెప్పి ఎరగడు. గ్యాసు బండ మాట దేవుడెరుగు, "ఆ తలుపు దగ్గరికి వెయ్యండి" అని కూడా అనలేదు, లేచి ఆయనే వేసుకునేవాడు. ఆయనకి నేనొక్కణ్ణే స్కాలర్ని. నన్ను "మీరు" అనేవాడు. నాకు ఇరవై మూడేళ్ళు, ఆయనకి యాభై అయిదు పైమాటే. "కూర్చోండి", "రాశారా అండీ", "ఒకటో తారీకున తీసుకురండి", ఈ మూడు మాటలతో మా గురుశిష్య సంబంధం నెల పొడుగునా నడిచిపోయేది. భార్య పోయి చాలా కాలమైందనీ, పిల్లలు లేరనీ ఎవరో చెప్తే తెలిసింది. మధ్యాహ్నం గది తలుపు ఓరగా వేసుకుని, తనే వండుకొచ్చిన క్యారేజీ విప్పుకుని, గోడవైపు తిరిగి తినేవాడు. రోజూ పొద్దున ఎనిమిదిన్నరకి విభాగం వెనక్కి వెళ్ళి, వాన కొలిచే రేకు డబ్బాలో చూసి ఒక పుస్తకంలో రాసుకునేవాడు. మే నెలలో కూడా. నిప్పులు చెరిగే ఎండలో ఆ పెద్దమనిషి ఖాళీ డబ్బాలోకి వంగి చూసి, "సున్నా" అని శ్రద్ధగా రాసుకోవడం చూసి మేమందరం నవ్వుకునేవాళ్ళం. మేమందరం అంటే, వాళ్ళు నవ్వేవారు, నేను పక్కన నిలబడేవాణ్ణి.

ఇందాక చెప్పిన పెళ్ళికి నేనూ వెళ్ళాను, పిలవకుండానే. తువ్వాలు నడుముకి కట్టుకుని పప్పు బకెట్టు అందుకున్నాను. పక్క గది ప్రొఫెసరు గారు ఎదురొచ్చి, "నువ్వెవరి స్టూడెంటువిరా?" అన్నాడు. చెప్పాను. ఆయన మొహంలో జాలి కనిపించింది. "పాపం, సరే, నువ్వు బంతిలో కూర్చుని భోంచేసి వెళ్ళు," అని నా చేతిలో బకెట్టు తీసి వాళ్ళ వాడికిచ్చాడు. బంతిలో కూర్చుని, ఆ బకెట్టులో పప్పే వడ్డించుకుని తిని వచ్చాను.

ఇక నా పరిశోధన సంగతి. మిరపలో ఆకుముడత అని ఒక తెగులు ఉంది. కంటికి ఆనీ ఆననంత తామరపురుగులు ఆకుల రసం పీల్చేస్తే ఆకులు పైకి ముడుచుకుపోయి చెట్టు గిడసబారిపోతుంది. ఏ మందు కొడితే పురుగు ఎంత తగ్గుతుందో రెండు పంటల పాటు చూసి తేల్చడం నా పని. గుంటూరుకి దక్షిణాన, చిలకలూరిపేట వెళ్ళే దారిలో దిగి రెండు మైళ్ళు నడిస్తే వచ్చే ఒక ఊళ్ళో, ఒక ఆవిడ తన చేలో పన్నెండు సాళ్ళు నాకు ఇచ్చింది. రెండేసి సాళ్ళకి ఒక్కో మందు. చివరి రెండు సాళ్ళకి మాత్రం ఏ మందూ కొట్టకూడదు. వాటితో పోల్చుకుంటేనే గదా మిగతా మందుల గొప్ప తెలిసేది. మా చదువులో దాన్ని కంట్రోలు అంటాం. వారానికొకసారి వెళ్ళి, చెట్టుకి మూడు ఆకుల చొప్పున నల్ల అట్ట మీద దులిపి, భూతద్దంతో పురుగులు లెక్కపెట్టి రాసుకునేవాణ్ణి. పురుగు నువ్వుగింజలో సగం కూడా ఉండదు. పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం దాకా మాట్లాడటానికి ఆ పురుగులు తప్ప ఎవరూ ఉండరు. వాటితోనే మాట్లాడేవాణ్ణి. "ఆగవే, ఎక్కడికి పోతావు, నిన్ను లెక్కెయ్యలేదింకా," అని.

చేను గలావిణ్ణి పెద్దమ్మా అని పిలిచేవాణ్ణి. భర్త లేడు, వ్యవసాయమంతా తనే. గట్టి గొంతు. గట్టు మీదినుంచి కేకేస్తే మూడు చేల అవతలివాళ్ళు పలికేవారు. మొదటి ఏడాది ఆ చివరి రెండు సాళ్ళకి మందు కొట్టొద్దన్నప్పుడు నన్ను ఎగాదిగా చూసింది. "ఏందబ్బాయా, పదింటికి పెట్టి రెంటిని పస్తుంచుతావా?" అంది. చదువు కోసమని బతిమాలితే సరేనంది. ఆ సాళ్ళు ముడుచుకుపోయి, పూత రాలిపోయి, దిష్టిబొమ్మల్లా నిలబడితే అటు పోయే రైతులు ఆవిణ్ణి ఆట పట్టించారు. ఆవిడ నోరు మూసుకుని భరించింది. నా అంకెలు మాత్రం బ్రహ్మాండంగా వచ్చాయి. ఒకటో తారీకున సారుకి చూపిస్తే ఎర్రసిరాతో ఒక టిక్కు పెట్టి, "రెండో పంట కూడా ఇలాగే చూడండి," అన్నాడు. మూడేళ్ళలో నాకు దక్కిన అతి పెద్ద ప్రశంస అది.

రెండో పంట వేశాక మా ఊరి దగ్గర ఒక కాలేజీలో లెక్చరర్ ఉద్యోగం పడుతుందని తెలిసింది. వేసవిలోగా థీసిస్ సమర్పించినవాణ్ణే తీసుకుంటామన్నారు. మా నాన్నకి చూపు తగ్గుతోంది. పోగు తెగితే వెతుక్కోలేక మగ్గం మీద అలాగే కూర్చుండిపోతున్నాడని అమ్మ ఉత్తరం రాయించింది. ఆ ఉద్యోగం నాకు రావాలి, అంతే. మరో ఆలోచన లేదు. పంట సగంలో ఉండగా ఒక రోజు చేలో పురుగులు లెక్కపెడుతూ పెడుతూ వణికిపోయాను. పెద్దమ్మ నా నుదుటి మీద చెయ్యి వేసి, "ఓరి నాయనో, కాలిపోతన్నావు గదరా," అని తనే రోడ్డు దాకా నడిపించుకొచ్చి బస్సెక్కించింది. టైఫాయిడ్. నెల రోజులు చీరాల్లో మంచం మీద ఉన్నాను. మధ్యలో తుఫాను వచ్చిందట, వాకిట్లో నీళ్ళు నిలిచాయట. జ్వరం మైకంలో నాకు అదంతా ఎక్కడో జరిగినట్టే ఉంది. ఇంకో సంగతి చెప్పనా? ఆ నెల రోజుల్లో విశ్వవిద్యాలయంలో నేను లేనని ఎవరూ గమనించలేదు. ఒకటో తారీకు ఒక్కటి తప్పిపోయింది, అంతే.

తిరిగి వచ్చి చేనుకి వెళ్ళాను. చివరి రెండు సాళ్ళు నవనవలాడుతున్నాయి. ఆకు విప్పారింది, పూత పట్టింది. పెద్దమ్మ పరిగెత్తుకొచ్చింది. మొహం వెలిగిపోతోంది. "చూశావంటయ్యా నీ చెట్లు? ఎట్టా తేరుకున్నాయో చూడు. నువ్వేమో జొరాన పడితివి, వీటిని చూసే దిక్కు లేకపాయె. నాలుగు దఫాలు మందు కొట్టిచ్చా. చెట్లు బాగుంటేనే గదా నువ్వు పాసయ్యేది!" అంది. ఆ తల్లి నా చెట్లనుకుంది. నా చెట్లు చచ్చిపోతే నా పరీక్ష పోతుందనుకుంది. "మంచి పని చేశావు పెద్దమ్మా," అన్నాను. అని, అవతల పత్తిచేను గట్టెక్కి, ఆవిడకి కనబడకుండా కూర్చుని ఏడ్చాను. ఏడాది కష్టం, ఉద్యోగం, నాన్న కళ్ళు అన్నీ ఆ నాలుగు దఫాల మందుతో కొట్టుకుపోయాయి.

ఎవరితో చెప్పుకోవాలి? సారు గది ముందు రెండుసార్లు నిలబడి, తలుపు ఓరగా ఉండడం చూసి వెనక్కి తిరిగాను. చివరికి పక్క గదిలో సీనియరు ఒకాయనకి చెప్పాను. ఆయన పెద్దగా నవ్వి, "ఓస్ ఇంతేనా, రాసెయ్యరా. పోయినేడు అంకెలు చూసి కొంచెం అటూ ఇటూ మార్చు. తామరపురుగులొచ్చి సాక్ష్యం చెప్తాయా ఏంది?" అన్నాడు. హాస్టలు గదిలో కూర్చుని రాసేశాను. నేను మంచంలో ఉన్న నాలుగు వారాలకీ, ఆ తర్వాతి వారాల్లో ఆ రెండు సాళ్ళకీ, లేని పురుగుల్ని లెక్కపెట్టి రాశాను. కుదురుగా వారం వారం పెరిగాయి నా పురుగులు. నిజం పురుగులకి లేని క్రమశిక్షణ వాటికుంది. రాస్తున్నప్పుడు భయం వెయ్యలేదు, అదే విచిత్రం. పని అయిపోయిందన్న హాయి కూడా వేసింది.

ఒకటో తారీకున ఆ కాగితాలు సారు ముందు పెట్టాను. ఆయన టిక్కు పెట్టలేదు. "ఉంచండి," అన్నాడు. వారం ఉంచుకున్నాడు. తర్వాత పిలిచి, వాన లెక్కల పుస్తకం పక్కన నా కాగితం పెట్టుకుని, తలెత్తకుండా అడిగాడు. "తుఫాను వారం కూడా పురుగులు పెరిగాయన్నమాట?" గట్టి వాన పడితే తామరపురుగులు ఆకుల మీదినుంచి కొట్టుకుపోతాయి. ఎమ్మెస్సీ పిల్లాడికైనా తెలుసు. మొదటి పంటలో నా అంకెలే ఆ మాట చెప్పాయి. "అవునండీ," అన్నాను. ఆ ఒక్క మాట అనకుండా ఉండాల్సింది. అప్పుడైనా చెప్పేస్తే సరిపోయేది. ఆయన పుస్తకం మూసి, "రేపు పొలానికి వెళదామండి," అన్నాడు. మూడేళ్ళలో ఆయన పొలం మాట ఎత్తడం అదే మొదలు.

మర్నాడు గొడుగు, భుజాన సంచి, చేతిలో క్యారేజీతో బస్టాండులో నాకన్నా ముందే వచ్చి నిలబడ్డాడు. బస్సులో పత్తి తీతకి వెళ్ళే కూలీల మధ్య నిలబడి ప్రయాణం చేశాం. ఒకామె కొడవలి ఆయన చొక్కాకి తగులుకుంటే, "పర్లేదమ్మా," అన్నాడు. రెండు మైళ్ళూ నడిచాడు. పెద్దమ్మకి ఆయన్ని చూపించి, "మా పెద్ద సారు," అన్నాను. ఆవిడ కొంగు తలమీదికి లాక్కుని, "ఇంత ఎండన పడి వచ్చారే! ఈ పిల్లోణ్ణి ఒక్కణ్ణే పంపిస్తారు, మీరెప్పుడూ రారేందండీ?" అని అడిగేసింది. ఆయన చివరి సాళ్ళ దగ్గరికి నడిచి, వంగి ఒక ఆకు తిప్పి చూశాడు. "వీటికి మందు కొట్టలేదు గదమ్మా?" అన్నాడు.

"అయ్యో, కొట్టకుండా ఎట్టా ఉంటానండీ!" అంది పెద్దమ్మ గట్టు అదిరిపోయేలా. "పోయినేడు మనసు రాయి చేసుకున్నా. ఈ ఏడు పిల్లోడు జొరమొచ్చి నెల్రోజులు ఇంటికాడ పడుండె. వాడూ దగ్గర లేడు, మీరూ దగ్గర లేరు. వాడి చెట్లు నా కళ్ళ ముందే చస్తంటే ఊరుకుంటానా? నేనే కొట్టిచ్చా." నేను నేల చూస్తూ నిలబడ్డాను. రేగడి చీలికల్లోకి దూరిపోగలిగితే దూరిపోయేవాణ్ణి. ఆవిడ ఒక్క ముక్కలో రెండు అబద్ధాలూ బయటపెట్టింది. సాళ్ళకి మందు పడింది, నెల రోజులు నేను అక్కడ లేను. మా సారు లేచి నిలబడి, "మంచి పని చేశారమ్మా. మీ స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు," అన్నాడు. ఆ తర్వాత క్యారేజీ విప్పి, నా వైపు ఒక గిన్నె జరిపాడు. వంకాయ కూర. ఉప్పు తక్కువైంది. పెద్దమ్మ పచ్చిమిరపకాయ పచ్చడి తెచ్చి వేస్తే ఆయన కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ తిన్నాడు. నేను మాత్రం నిజంగా ఏడుస్తున్నానేమోనని ఎవరికీ అనుమానం రాకుండా ఆ పచ్చడే రెండుసార్లు వేయించుకున్నాను.

తిరుగు బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. తిడతాడని ఎదురుచూశాను. తిడితే బాగుండు, ఒరేయ్ అని రెండు దెబ్బలు వేసినా బాగుండుననిపించింది. నల్లపాడు దాటాక, కిటికీలోంచి చూస్తూ అడిగాడు. "జ్వరమొచ్చిందని నాకు చెప్పలేదేమండీ?" అంకెల గురించి కాదు, జ్వరం గురించి. "మీకెందుకు శ్రమ అని, సార్," అన్నాను. ఆయన తల ఊపాడు. ఆ మాట ఆయనకి ఎక్కడ తగిలిందో అప్పుడు నాకు తెలియలేదు. బస్టాండులో దిగి, "జాగ్రత్తగా వెళ్ళండి," అని గొడుగు విప్పుకుని వెళ్ళిపోయాడు. అప్పుడు ఎండా లేదు, వానా లేదు.

నాలుగు రోజుల తర్వాత ఆఫీసులో గుమాస్తా గారు నన్ను పిలిచి, "మీ సారు ఏం రాశాడో చూశావా?" అని ఒక కాగితం తిప్పి చూపించాడు. నాకు మరో ఏడాది గడువు ఇవ్వమని కోరుతూ ఆయన పెట్టుకున్న దరఖాస్తు అది. కంట్రోలు సాళ్ళకి పొరపాటున మందు పడిందనీ, విద్యార్థి తప్పేమీ లేదనీ, అప్పటిదాకా రెండు పంటల్లో గైడు ఒక్కసారి కూడా పొలానికి వెళ్ళలేదనీ, పర్యవేక్షణ లోపం పూర్తిగా తనదనీ రాశాడు. నేను రాసిన అంకెల ప్రస్తావన ఒక్క ముక్క లేదు. గడువు ఇచ్చారు. ఆ ఏడాది విభాగానికి హెడ్డు కావలసింది మా సారు, అనుభవంలో ఆయనే పెద్ద. పొలానికి పోని మనిషి విభాగాన్ని ఏం నడుపుతాడని మీటింగులో ఎవరో అన్నారట. ఆ పదవి పక్క గది ప్రొఫెసరు గారికి పోయింది. వరండాలో స్వీట్లు పంచారు. మా సారు ఒకటి తీసుకుని తలుపు ఓరగా వేసుకున్నాడు. నాకు రావలసిన ఉద్యోగం కూడా ఇంకొకరికి పోయింది. ఆ సంగతి సారుకి చెప్పలేదు నేను. ఆయన సంగతి ఆయనా నాకు చెప్పలేదు.

మూడో పంట వేసేటప్పుడు సారే స్వయంగా పెద్దమ్మకి విడమరిచి చెప్పాడు. "ఈ రెండు సాళ్ళు చెడిపోతేనే ఈ అబ్బాయి పాసవుతాడమ్మా." ఆవిడ బుగ్గలు నొక్కుకుంది. "అదేం చదువండీ! ఈ ముక్క అప్పుడే చెప్పి చావొద్దా ఈ పిల్లోడు? పుణ్యానికి పోయి వాడి కొంప ముంచానా!" అని లబలబలాడింది. తర్వాత పంటంతా మందు డబ్బా భుజానేసుకున్న మనిషి కనిపిస్తే కర్ర పట్టుకుని ఆ సాళ్ళకి అడ్డం నిలబడింది. కాని అటు చూసేది కాదు. ఆ పక్కనుంచి నడవాల్సి వస్తే మొహం తిప్పుకుని నడిచేది.

ఆ పంటలో సారు పదిహేను రోజులకొకసారి నాతో వచ్చేవాడు. ఆ చివర సాలులో ఆయన, ఈ చివర సాలులో నేను, ఎవరి నల్ల అట్ట వాళ్ళది. మాటల్లేవు. మధ్యాహ్నం అంకెలు సరిచూసుకునేవాళ్ళం. ఒకసారి ఆయనకి నలభై మూడు, నాకు నలభై ఒకటి వచ్చాయి. నాదే తప్పయి ఉంటుందని నలభై మూడు వేసుకోబోతే, "మీకెన్ని కనిపించాయో అన్నే రాయండి," అన్నాడు. గొంతులో ఎత్తిపొడుపు లేదు. ఆ మాట మాత్రం ఈ రోజుకీ నా చెవిలో ఉంది. మేమిద్దరం దగ్గరయ్యామని చెప్పలేను. ఒక చేలో ఇద్దరం ఉన్నాం, అంతే. ఎవరూ లేకపోవడం కన్నా అది ఎంత నయమో, ఒంటరిగా ఉన్నవాళ్ళకే తెలుస్తుంది.

థీసిస్ ఇచ్చాను. వైవా జరిగింది. బయటినుంచి వచ్చిన ఎగ్జామినరు గారు మూడో పంట అంకెల్ని మెచ్చుకున్నాడు. అందరూ భోజనాలకి వెళ్ళారు. సారు వరండాలో ఆగి కళ్ళజోడు తుడుచుకుంటున్నాడు. ఆయన పదవీ విరమణకి ఇంకో నెల ఉంది. ఆ తర్వాత కనిపిస్తాడో లేదో తెలియదు. దగ్గరికి వెళ్ళి, "సార్, రెండో పంటప్పుడు ఆ అంకెలు..." అన్నాను.

"ఏ అంకెలండీ?" అన్నాడాయన.

కళ్ళజోడు పెట్టుకుని నా మొహంలోకి సూటిగా చూశాడు. మరిచిపోయిన మనిషి చూపు కాదది. తుఫాను వారం ఎన్ని పురుగులు రాశానో అంకెతో సహా గుర్తున్న మనిషి చూపు. నేను చెబుతానని ఆగాడో, చెప్పొద్దని ఆపాడో నాకు తెలియలేదు. నా నోరు పెగల్లేదు. ఆయన కాసేపు నిలబడి, "పదండి, ఎగ్జామినరు గారు ఎదురుచూస్తుంటారు," అని ముందుకి నడిచాడు. నేను వెనకాలే వెళ్ళి భోజనం చేశాను.

తర్వాత నాకు వేరే చోట ఉద్యోగం వచ్చింది. నాన్నని మగ్గం దింపాను. మూడో ఏడు తిరక్కుండానే సారు పోయాడని పక్క గది సీనియరు ఉత్తరం రాస్తే తెలిసింది. నేనూ గైడునయ్యాను, నా దగ్గర చేరిన స్కాలర్లని ఒరేయ్ అనే పిలిచాను, జ్వరాలొస్తే హాస్టలుకి వెళ్ళి చూసి వచ్చాను, రిటైరూ అయ్యాను. ఆయన క్షమించాడని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. ఈ మధ్య ఆ మాట నమ్మబుద్ధి కావడం లేదు. క్షమించమని నేను అడిగితే గదా. "నేను దొంగరాతలు రాసిన అంకెలు, సార్" అని చెప్పడానికి ఆ వరండాలో ఆయన నాకు అర నిమిషం ఇచ్చాడు. ఆయన వెళ్ళిపోయి ముప్పై ఏళ్ళు దాటింది గాని, నాకు ఆ అర నిమిషం ఇంకా అయిపోలేదు.